ఒర్రె మీద కట్టిన వేదిక

మెదక్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ ఒకటే అడుగుతున్నారు, చర్చి చూశావా అని. చూశాను. ఐదు రోజుల్లో రెండుసార్లు చూశాను. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చల్లగా ఉంటుంది. రంగుటద్దాల కిటికీల్లోంచి వెలుతురు లోపలికి దిగుతుంటే ఎవరో చెప్పినట్టు అందరి గొంతులూ తగ్గిపోతాయి. చూడనివాళ్ళు తప్పకుండా చూడండి. కానీ నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు. అక్కడికి కిలోమీటరున్నర దూరంలో, బీడీలు చుట్టే ఆడవాళ్ళ కాలనీలో, మా యూనివర్సిటీ పిల్లలు కట్టిన ఒక సిమెంటు వేదిక గురించి. ఆ పనికి ఎ ప్లస్ గ్రేడు వేసింది నేనే.

తిరిగొచ్చి మూడు నెలలు దాటింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఇంక ఆగి లాభం లేదని రాస్తున్నాను.

మాది తెనాలి. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. మా దగ్గర రెండేళ్ళ నుంచి ‘సమాజ భాగస్వామ్యం’ అని ఒక కార్యక్రమం నడుస్తోంది. విద్యార్థులు ఒక చిన్న ఊరికో బస్తీకో వెళ్ళి, అక్కడివాళ్ళతో కలిసి, వాళ్ళకి పనికొచ్చే ఒక పని చేసి రావాలి. దానికి మార్కులుంటాయి. కార్యక్రమం చూసే డైరెక్టరు గారి సొంతూరు టేక్మాల్ మండలంలో ఒక పల్లె. అందుకే గుంటూరు పక్కనుండే మా పిల్లలు అంతదూరం మెదక్ వెళ్తారు. మొదటి ఏడాది తీసుకెళ్ళిన మాస్టారికి ఈసారి ఒంట్లో బాగాలేదు. నన్ను వెళ్ళమన్నారు. మే నెలాఖరు, పద్నాలుగు మంది పిల్లలు, ఒక బస్సు.

నర్సాపూర్ అడవి పక్కన

హైదరాబాదు దాటాక మొదటిసారి కాళ్ళు చాపుకోవడానికి దిగింది నర్సాపూర్ అడవి దగ్గర. ఎండకి టేకుచెట్లన్నీ ఆకులు రాల్చి నిలబడ్డాయి. రోడ్డు పక్కన కోతులు, మనకంటే ధీమాగా. మా హారిక, ఏలూరమ్మాయి, ఫైనలియర్, బస్సు మెట్ల మీద ఒక గుడ్డసంచీ పెట్టి చెప్పులు సర్దుకుంటుంటే ఒక కోతి ఆ సంచీ లాక్కుని చెట్టెక్కింది. అందులో తిండి లేదు. కాలనీలో ఇంటింటికీ తిరిగి నింపాల్సిన ప్రశ్నపత్రాలున్నాయి, ఒక్కొక్కటి ఆరు పేజీలు. కోతి ఒక్కో కాగితం కొరికి చూసి, రుచించక కిందికి విసిరింది. మేం పదిహేను మందిమి అడవిలో వంగి వంగి ఏరుకున్నాం. ఇప్పుడనిపిస్తోంది, ఆ రోజు మా అందరిలో బుద్ధిగా ప్రవర్తించింది ఆ కోతేనని.

అక్కడే ఒకావిడ ముంజలు అమ్ముతోంది. డజను వంద అంది. మా వైపు కంటే ఎక్కువే, కానీ ఆ వేడిలో బేరం ఆడే ఓపిక లేదు. ముంజలు ఒలిచి మోదుగాకులో పెట్టిస్తూ అడిగింది.

“గింతమంది ఏడికి పోతున్నరు బిడ్డా?”

“మెదక్ అండీ. అక్కడివాళ్ళతో కలిసి పనిచేయడానికి” అంది హారిక.

“మీరు జేస్తరా, ఆళ్లతోని జేపిస్తరా?”

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అడిగింది.

మెదక్, మొదటి సాయంత్రం

మెదక్‌లో మాకు దిక్కు ఎస్తేరు టీచర్. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. చర్చికి రెండు వీధుల అవతల ఉంటారు. ముప్ఫయ్యేళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు ఆదివారం చర్చి పనులు, మిగతా రోజులు ఆ కాలనీ పిల్లలకి ఉచితంగా ట్యూషను. మా యూనివర్సిటీ కాగితాల్లో ఆవిడ ‘స్థానిక భాగస్వామి’. ఆ మాట చెబితే “అట్లంటరా నన్ను?” అని ఆశ్చర్యపోయారు.

రాత్రి భోజనం వాళ్ళింట్లోనే. జొన్నరొట్టెలు, వంకాయకూర, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. మా వైపు పులుసు అంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు నలిపి, పొయ్యి దగ్గరికే పోనివ్వరు. మొదటి ముద్దకి అనుమానపడి, రెండో ముద్దకి గిన్నె దగ్గరికి లాక్కున్నాను. తొక్కుని మా పిల్లలు ఆవకాయ అన్నారు. “ఆవకాయ వేరు, తొక్కు వేరు” అని టీచర్ వాళ్ళకి పాఠం చెప్పినట్టే చెప్పారు.

చేతులు కడుక్కున్నాక అడిగాను, పోయినేడాది కట్టిన వేదిక ఎలా ఉందని. ఆ ఫోటోలు నాకు బాగా గుర్తు. ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికని నీలం రేకుల కప్పు, రంగులేసిన అరుగు, ముందు నిలబడి నవ్వుతున్న ఆడవాళ్ళు. ‘విజ్ఞాన వేదిక’ అని, కింద మా యూనివర్సిటీ పేరుతో, నల్లరాతి మీద చెక్కించారు.

టీచర్ కాసేపు గ్లాసులు తుడిచారు. “నేను మూడు ఉత్తరాలు రాసిన, మేడం. మీకు అందలేదా?”

“ఎవరికి రాశారు?”

“మీ యూనివర్సిటీకి. ఒక్కదానికి గూడ జవాబు రాలే. పోనీండ్రి. రేపు మీరే చూడండ్రి.”

బీడీ కాలనీ

కాలనీ ఊరి చివర, పల్లంలో ఉంటుంది. నలభై ఇళ్ళుంటాయేమో. దాదాపు ప్రతి గడపలోనూ ఒక ఆడమనిషి ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుని ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, దారపు ఉండ. మనతో మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు మాత్రం ఆగవు. గాలిలో ఒక ఘాటు. రెండు నిమిషాల్లో మా పిల్లలంతా తుమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళని చూసి ఆడవాళ్ళు నవ్వారు. ఆ రోజు అక్కడ విన్న నవ్వు అదొక్కటే.

వేదిక దూరం నుంచే కనిపించింది. రెండు వరసల ఇళ్ళ మధ్య అడ్డంగా, మూడడుగుల ఎత్తున, బిరడా బిగించినట్టు. దాని మీద ఎవరూ కూర్చుని లేరు. రేకుల కింద నిప్పుల కుంపటిలా ఉంది, ఎలా కూర్చుంటారు? దానికి ఎగువన ఉన్న ఇళ్ళ గోడల మీద, నా మోకాలికంటే పైన, ఒక మట్టి గీత. ఇంటి తర్వాత ఇల్లు, అదే ఎత్తులో అదే గీత.

నేను సివిల్ ఇంజనీరుని. ఆ గీత ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో ఇంటి పక్కగోడ సగం లేదు. అక్కడ టార్పాలిన్ కట్టి ఉంది. గడపలో అరవయ్యేళ్ళావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బీడీలు చేస్తోంది. అందరూ కింద కూర్చుంటే ఈవిడొక్కతే కుర్చీలో. చాట జారిపోతుంటే మాటిమాటికీ పైకి లాక్కుంటోంది. పేరు సత్తెమ్మ. మా పిల్లలు ముగ్గురు ప్రశ్నపత్రం పట్టుకుని ఆవిడ ముందు చతికిలబడ్డారు. ఇంట్లో ఎంతమంది, ఏ పొయ్యి మీద వండుతారు, చేతులు సబ్బుతో కడుక్కుంటారా, స్మార్టుఫోను ఉందా. సత్తెమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరి పేజీ అయిపోయాక అడిగింది.

“అయిపోయినయా? మరి మీ ఇంట్ల నీళ్లొచ్చినయా అని ఒక్క మాట లేదా గండ్ల?”

పిల్లలు నా వైపు చూశారు. నేను వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

“ఎప్పుడొచ్చాయమ్మా?”

“నిరుడు వానకాలంల. మూడుసార్లు. రెండోసారికి గోడ నాని కూలింది. కాలు దాని కింద పడ్డది. నెల రోజులు దవాఖాన్ల ఉన్న. ఇప్పుడు కాలు మడువరాదు. కింద కూసోరాదు. కూసోకుంటే చేతికి ఊపు రాదు బిడ్డా, ఇదివరకటి లెక్క బీడీలు ఎల్తలేవు.”

“ఇదివరకు నీళ్ళొచ్చేవి కావా?”

“ఎందుకొస్తయి? ఒర్రె ఉండె గద. పైన పొలాల నీళ్లన్ని ఒర్రె పట్టి చెర్వుల వడుతుండె. వాన వెలిసినంక ఒక్క గంట, ఖతం. గా ఒర్రె మీదనే మీరు గద్దె గట్టిండ్రు.”

ఒర్రె. ఆ మాట నాకు తెలియదు. వాన పడ్డప్పుడే పారే చిన్న వాగు. మిగతా రోజులు ఉత్త ఇసక పల్లం, ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. మా పిల్లలు వచ్చింది జనవరిలో. ఇది ఎవరి స్థలం అని అడిగారట. ఎవరిదీ కాదు అని ఆడవాళ్ళు చెప్పారు. మా రిపోర్టులో ఆ మాట ఎలా మారిందో నాకు అక్షరాలా గుర్తుంది: ‘నిరుపయోగంగా ఉన్న ఖాళీ స్థలాన్ని కాలనీవాసులు సంతోషంగా కేటాయించారు.’

“ఎవలది గాదంటే కట్టుకోమన్నట్టా?” అంది పక్కింటి గడపలోంచి ఒకామె. “ఎవలది గాదు, అది నీళ్ల జాగ. గంత చదువుకున్నోళ్లకు చెప్పాల్నా?”

అప్పుడు చెప్పేశాను. దాచుకుని అక్కడ కూర్చోలేకపోయాను. “ఆ వేదికకి మార్కులేసింది నేనేనమ్మా. అన్నిటికంటే ఎక్కువ మార్కులు.”

సత్తెమ్మ వేళ్ళు ఆగాయి. “నువ్వు నిరుడు రాలే గద?”

“రాలేదు.”

“చూడకుండనే ఏస్తరా?”

ఆవిడ కోప్పడలేదు. తెలుసుకుందామని అడిగింది. ఆవిడ దారం తెంపి ఇంకో ఆకు తీసుకుంది.

మధ్యాహ్నం వేదిక నీడలోకి వెళ్ళి డైరెక్టరు గారికి ఫోను చేశాను. అంతా విన్నారు. “మేడం, ఎమోషనల్ అవ్వకండి. ఆ కట్టడానికి అవార్డు వచ్చింది. తనిఖీ టీం వచ్చే ముందు దాని ఫోటోలు కావాలి. మీరు దాని మీద బొమ్మలు వేయించి, చుట్టూ మొక్కలు నాటించండి. ఐదో రోజు నేనొస్తాను.”

“మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చేస్తోంది సార్. పది రోజుల్లో వానలు. ఈసారి గోడ ఎవరి మీద పడుతుందో తెలియదు.”

“కాలవ సంగతి వచ్చే ఏడాది కొత్త ప్రాజెక్టుగా పెడదాం. మంచి ఐడియా అది, రాసి పెట్టుకోండి.”

ఒక ఇంటిని ముంచడం ఒక ప్రాజెక్టు, తేల్చడం ఇంకో ప్రాజెక్టు. రెండిటికీ మార్కులు.

కుల్చారం, మేస్త్రీ ఇల్లు

మర్నాడు పొద్దున్నే హారిక లెవెల్ యంత్రం బయటికి తీసింది. కాలనీలో ఏ పనికైనా కొలతలు కావాల్సొస్తాయని తెచ్చుకున్నది అది. ఎగువ పొలాల దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా ఎత్తుపల్లాలు కొలిచి, ఎస్తేరు టీచర్ ఇంటి వరండాలో కూర్చుని లెక్క తేల్చింది. గట్టి వాన గంట సేపు పడితే ఎగువ ఆరిళ్ళలో నీళ్ళు ఎంత ఎత్తు నిలుస్తాయో కాగితం మీద గీత గీసి చూపించింది. గోడల మీద మట్టి గీతకి రెండు అంగుళాల తేడా, అంతే.

“ఇది నిన్న చూసిందే కదా మేడం” అంది. “కట్టక ముందు ఒక్క పూట ఇది చేసుంటే సరిపోయేది.”

ఆ పిల్లకి నేను జవాబు చెప్పాల్సింది చాలా ఉంది. ఆ పూట నేర్పాల్సింది నేనే.

వేదిక కట్టిన మేస్త్రీది కుల్చారం అని తెలిసి, టీచర్‌ని వెంటబెట్టుకుని ఆటోలో వెళ్ళాం. దారి పొడుగునా వరి కోసిన మళ్ళు, గడ్డి కట్టలు. కుల్చారం సెంటర్లో చాయ్ తాగాం, పదిహేను రూపాయలు. మా వైపు టీలో అల్లం మింగుడు పడనంత వేస్తారు, ఇక్కడ పాలు చిక్కగా, పంచదార ధారాళంగా. కొట్టు ఆయన మేస్త్రీ ఇంటికి దారి చూపించాడు.

కిష్టయ్య మేస్త్రీకి యాభై ఐదేళ్ళుంటాయి. మేం ఏ యూనివర్సిటీయో చెప్పగానే మొహం ముడుచుకున్నాడు. మంచం వాల్చాడు గానీ తను కూర్చోలేదు.

“కొట్లాటకు వచ్చిండ్రా మేడం? నేనప్పుడే జెప్పిన. ఇది ఒర్రె సార్, కట్టద్దు, కడితే రెండు పెద్ద తూములన్న ఏద్దాం అన్న. డిజైన్ అయిపోయింది, మార్చరాదు అన్నడు పిల్లలతోని వచ్చిన మీ సారు. నువ్వు మేస్త్రీవి, కట్టుడే నీ పని అన్నడు.” అక్కడితో ఆగి, తల దించుకున్నాడు. “పనిల్లేని దినాలు అవి. కట్టిన. సత్తెమ్మ కాలు విరిగినంక ఆ గల్లీకి పోలే. ఏ మొకం పెట్టుకోని పోవాలె?”

“పడగొట్టడానికి ఎంత సేపు పడుతుంది?” అని అడిగాను.

అలా అడుగుతానని నాకే తెలియదు. టీచర్ నా వైపు తిరిగి చూశారు.

కిష్టయ్య వేళ్ళ మీద లెక్కేశాడు. “పదిమంది చేతులేస్తే ఒక్క దినం. పలగ్గొట్టే మిషన్ నాకున్నది. ఒర్రె అంత తెరవాల్నంటే ఇంకో పూట. గని పర్మిషన్ ఎవలిస్తరు మేడం? మాదని బోర్డు రాసుకున్నరు గద.”

మళ్ళీ కాలనీలో

పర్మిషను ఎస్తేరు టీచర్ బీరువాలో దొరికింది. ఆవిడ కాగితం ముక్క కూడా పారేయని మనిషి. పోయినేడాది ప్రారంభోత్సవం రోజు మా యూనివర్సిటీ, ఈ కాలనీ మహిళా సంఘానికి ఒక ఒప్పందపత్రం ఇచ్చింది; సంఘం వాళ్ళు దాచమంటే టీచర్ విప్పి చూడకుండానే బీరువాలో పెట్టారట. దాని వెనక కారణం ఏమిటో చదవగానే అర్థమైంది. రేకులు ఎగిరిపోయినా, పెచ్చులూడినా మా తలనొప్పి కాకుండా రాసుకున్నారు: ‘నేటి నుండి వేదికపై సర్వహక్కులు, నిర్వహణ బాధ్యత మహిళా సంఘానివే.’ కింద డైరెక్టరు గారి సంతకం, సంఘం వాళ్ళ వేలిముద్రలు.

సాయంత్రం ఆడవాళ్ళందరూ సత్తెమ్మ ఇంటి ముందు చేరారు. చాటలతోనే వచ్చారు. టీచర్ ఆ వాక్యం పైకి చదివారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివారు.

“అంటే గా గద్దె మాదేనా?” అంది సత్తెమ్మ.

“మీదే” అన్నాను.

“ఇన్ని దినాలు మాదేనా?”

“మీదే అమ్మా.”

“మరి మాకెవ్వలు జెప్పలే!” ఆవిడ గొంతు మొదటిసారి పైకి లేచింది. “నీళ్లల్ల నిలవడ్డం. పిల్లలను ఎత్తుకోని నిలవడ్డం. గద్దె ముట్టుకుంటే కేసయితదని భయపడ్డం. మాదే అయితే ఇంకేంది? పలగ్గొడ్దాం.”

సంఘం తీర్మానం టీచర్ రాశారు, ఆడవాళ్ళు వేలిముద్రలు వేశారు. పిల్లల్ని పక్కకి పిలిచి చెప్పాను: ఇది మీ మార్కులకి సంబంధించిన పని కాదు, బహుశా మార్కులు పోతాయి కూడా. ఇష్టం లేనివాళ్ళు రావద్దు, నేనేమీ అనుకోను. ముగ్గురు రాలేదు. నేనేమీ అనుకోలేదు.

నాలుగో రోజు తెల్లవారేసరికి కిష్టయ్య మిషన్ తెచ్చుకుని వచ్చాడు. సత్తెమ్మ కుర్చీ ముందు ఆగి చేతులు జోడించాడు. ఆవిడ “చాయ్ తాగినవా?” అని అడిగింది. లేదన్నాడు. కోడలిని పిలిచి చాయ్ పెట్టమంది.

ముందు రేకులు విప్పాం. వాటిని వరసగా సత్తెమ్మ ఇంటి విరిగిన గోడ వైపు నిలబెట్టి బిగించాడు కిష్టయ్య. తర్వాత అరుగు. పైన సిమెంటు పొర మిషన్‌కి లొంగింది గానీ కింద బండలు, మొరం గట్టిపడిపోయి ఉన్నాయి. గడ్డపారలు, సమ్మెటలు, పారలు. ఆడవాళ్ళూ మా పిల్లలూ వరస కట్టి తట్టలందించుకున్నారు. గంటలో మా పిల్లల అరచేతులు పొక్కాయి. ఒకామె వాళ్ళ చేతులకి గుడ్డపీలికలు కట్టింది. మధ్యాహ్నం ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చారు. అంబలి, ఉల్లిపాయలు, ఉడికించిన బొబ్బెర గుడాలు, అంటే అలసందల గుగ్గిళ్ళు. ఆ నాలుగు రోజుల్లో మా పిల్లలకీ ఆ ఆడవాళ్ళకీ మధ్య మాటలు పుట్టింది ఆ తిండి దగ్గరే. ప్రశ్నపత్రాలతో ఒక్క మాటా పుట్టలేదు.

నేనూ సమ్మెట పట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో సిమెంటు గురించి వేల గంటలు చెప్పాను, ఒక్కసారి కూడా పగలగొట్టలేదు. కొట్టిన ప్రతి దెబ్బకీ నాకు గుర్తొచ్చింది ఆ రిపోర్టు మీద ఎర్రపెన్నుతో నేను రాసిన మాట: ‘అద్భుతం’. నల్లరాతి ఫలకం దగ్గరికి వచ్చేసరికి కిష్టయ్య ఆగి, ఏం చేయమంటారన్నట్టు చూశాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “మంచి రాయి. బట్టలుతుకనీకి అయితది” అంది ఎవరో. అక్షరాలు కిందికి తిప్పి బోరింగు దగ్గర వేశారు.

ఐదో రోజు

డైరెక్టరు గారు తొమ్మిదింటికే వచ్చారు. ఎవరో వీడియో పంపారట. ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కారు దిగి, ఒర్రెలో మోకాళ్ళ దాకా దుమ్ముతో నిలబడ్డ నన్నూ పిల్లల్నీ చూసి గట్టు మీదే నిలబడిపోయారు.

“ఎవరి పర్మిషన్‌తో చేశారు మేడం ఇదంతా? ఉద్యోగం చేద్దామనే ఉందా మీకు?”

నేను తీర్మానం, ఒప్పందపత్రం చేతికిచ్చాను. సంతకం చూసుకున్నారు. మొహం ఎర్రబడింది. అప్పటిదాకా మాతో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, ఆడవాళ్ళ వైపు తిరిగి ఒక్కసారిగా ఇంటి భాషలోకి దిగిపోయారు.

“గింత మంచిగ కట్టిచ్చిస్తే గిట్ల జేస్తరా? మీ కోసం కాదా మేం జేసింది? జరన్న ఇజ్జత్ ఉండాలె!”

సత్తెమ్మ కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించింది, లేవలేకపోయింది. కూర్చునే అడిగింది.

“సార్, మీరు గీడోళ్లేనా?”

“మాది టేక్మాల్ దిక్కే. అయితే?”

“ఈ సార్లంత కాల్వ నీళ్ల దిక్కోళ్లు, ఆళ్లకు ఒర్రె ఎరకలేదేమో అనుకున్న ఇన్ని దినాలు.” ఆవిడ గొంతు పెంచలేదు. “మీకు ఒర్రె అంటే ఎరకలేదా సార్? మీ ఊర్ల ఒర్రె మీద ఇల్లు కడ్తరా?”

మా పద్నాలుగు మంది పిల్లలూ, తవ్వడానికి రాని ఆ ముగ్గురూ సహా, ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన తవ్విన ఒర్రె వైపు చూశారు, సత్తెమ్మ కాలి వైపు చూశారు, చెమట తుడుచుకుని కారెక్కారు. క్షమాపణ అనే మాట ఆయన నోట్లో ఉందేమోనని నేను కారు కదిలేదాకా ఎదురుచూశాను. లేదు.

తెనాలి, తిరిగొచ్చాక

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది, సంస్థ ఆస్తికి నష్టం కలిగించానని. ఒప్పందపత్రం నకలు జతచేసి జవాబిచ్చాను. ఇప్పటిదాకా రెండోది రాలేదు. పోయినేడాది గ్రేడు తప్పని, దాన్ని రద్దుచేయమని రాశాను. అలాంటి పద్ధతి లేదన్నారు. పిల్లల రిపోర్టుని ‘భాష కాస్త సానుకూలంగా ఉండాలి’ అని వెనక్కి పంపారు. హారిక ఒక్క మాట మార్చకుండా అదే మళ్ళీ ఇచ్చింది. ఆ పిల్లకి బి వచ్చింది.

మెదక్‌లో మిరుగు దాటిన నాలుగో రోజు గట్టి వాన పడింది. ఎస్తేరు టీచర్ గొడుగేసుకుని కాలనీకి వెళ్ళి అక్కడి నుంచే ఫోను చేశారు. వెనక నీళ్ళ హోరు వినిపించింది. “పోతున్నయి మేడం! ఒర్రెలనే పోతున్నయి, ఇండ్లల్లకు వస్తలేవు!” అని అరిచారు. నేను స్టాఫ్‌రూములో ఏడ్చాను, పక్కన ఎవరున్నారో చూసుకోలేదు.

ఇక్కడితో అయిపోయుంటే ఈ కోపం తగ్గేదేమో. పోయిన వారం మా యూనివర్సిటీ వార్షిక పత్రిక వచ్చింది. లోపల అరపేజీ రంగుల ఫోటో, తవ్విన ఒర్రె. కింద రాశారు: ‘వరద ముంపు నుంచి కాలనీని కాపాడిన మన విద్యార్థులు. డైరెక్టరు గారి మార్గదర్శకత్వంలో రెండో ఏడాదీ ఘనవిజయం.’ నా పేరు కూడా వేశారు. తీసేయమని ఉత్తరం రాసి ఇచ్చాను. సవరణ వేసే ఆనవాయితీ లేదని ఈ ఉదయమే జవాబొచ్చింది.

సత్తెమ్మకి ఫోను చేసి ఆ పేజీ మొత్తం చదివి వినిపించాను. దాచడం నా వల్ల కాలేదు. చాట సవరించుకున్న చప్పుడు వినబడింది.

“మా పేర్లున్నయా గండ్ల?”

“లేవమ్మా.”

“కిష్టయ్యది?”

“లేదు.”

“ఊ” అంది. తర్వాత, “వచ్చే ఏడు మల్ల వస్తరా పిల్లలు?” అని అడిగింది.

“వస్తారనే అంటున్నారు.”

“రానియ్యి బిడ్డా, పిల్లలు మంచోళ్లే. గని ఎండలప్పుడు గాదు, వానలప్పుడు రమ్మను. వచ్చి మా ఇంట్ల నాలుగు దినాలు ఉత్తగనే కూసోమను. ఏమన్న జేసుడు తర్వాత.”

ఆ మాట అలాగే కాగితం మీద రాశాను. వచ్చే ఏడాది కార్యక్రమానికి నా సూచన అని పైన పెట్టి, కింద సత్తెమ్మ, బీడీ కాలనీ, మెదక్ అని రాసి, రేపు పొద్దున డైరెక్టరు గారి బల్ల మీద పెట్టబోతున్నాను.